పల్లికాయ పండని తోట

నిర్మల్ బస్టాండులో ఖానాపూర్ బస్సెక్కేటప్పటికి నా సంచిలో ఒక జత బట్టలు, బీపీ మాత్రలు, ఆరు పేజీల జిరాక్సు ఉన్నాయి. పుస్తకమే తెద్దామనుకున్నాను. ఇటుకంత లావున్నది, ఎండల్లో మోయడమెందుకని ఇంట్లోనే వదిలి, కావలసిన కాగితాలు మాత్రం కాపీ తీయించుకుని బయల్దేరాను. నెల్సన్ మండేలా ఆత్మకథ అది, 1994లో వచ్చింది. జైల్లో పెంచిన తోట గురించి అంత పెద్ద పుస్తకంలో ఆయన రాసింది అక్కడక్కడా ఏరి కలిపితే నా సంచిలోని కాగితాలకు సరిపోయింది.

నన్ను పిలిచింది ఖానాపూర్ దగ్గర ఒక గురుకులంలో తెలుగు చెప్పే మిత్రుడు. వయసులో చిన్నవాడు. "అన్నా, మా పిల్లలకు ఆత్మకథ అంటే ఏందో జెర చెప్పాలె. ఎవరన్న పెద్దమనిషిది తీస్కరా. గాంధీది వద్దు, వచ్చినోళ్లందరు గాంధీదే చెప్తున్నరు" అన్నాడు ఫోన్లో. మండేలా అంటే సంతోషపడ్డాడు. ఆయన తోట గురించి చెబుతానంటే మాత్రం కాసేపు మాట్లాడలేదు. "తోటనా? పోరాటం గురించి చెప్పరాదే" అన్నాడు చివరికి.

నాయకుల ఆత్మకథల్లో తోట కనబడితే నిజానికి నాకే అనుమానం. కుర్చీ దిగాక గులాబీలు పెంచుకున్నామని రాసుకునేవాళ్లు చాలామంది. మొక్క చేతబట్టి ఫోటో దిగని నాయకుడు మన దగ్గర ఎవరున్నారు? ఆ మొక్కకు రెండో రోజు నీళ్లెవరు పోశారో ఏ ఆత్మకథా చెప్పదు. తోటలో నిలబడ్డ మనిషి మంచివాడిగా, నెమ్మదస్తుడిగా కనిపిస్తాడు. అందుకే ఆ పేజీలు నేను గబగబా తిప్పేస్తుంటాను. మండేలా దగ్గర ఎందుకు ఆగానంటే, ఆయన తోటలో ఒక మొక్క చచ్చిపోతుంది, ఒక పంట అసలు పండదు, ఒక రహస్యం బయటపడిపోతుంది. పొగడ్త కోసం పెంచిన తోటలో ఇవన్నీ ఉండవు.

బస్సు కదలడానికి ఇంకా అరగంట ఉందన్నారు. నిర్మల్లో అరగంట చేతిలో ఉంటే పొణికి చెక్క బొమ్మలు చూడవచ్చు. నాకెందుకో ప్రతిసారీ లేని చెట్టే గుర్తొస్తుంది. వెయ్యి ఉరుల మర్రి. ఇంగ్లీషువాళ్ల మీదా నిజాం మీదా తిరగబడ్డ రాంజీ గోండును, ఆయనతో పాటు వెయ్యిమందిని 1860 ఏప్రిల్ 9న ఆ మర్రికి ఉరితీశారని ఇక్కడ చెప్పుకుంటారు. చెట్టు కూలిపోయి చాలా ఏళ్లయింది. స్తూపం మిగిలింది. మర్రికి ఊడలుంటాయి, ఆ ఊడల మధ్యే తాళ్లు వేలాడాయి. చిన్నప్పుడు ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఊడలూ ఉరులూ కలిసిపోయి, వెయ్యి ఊడల మర్రి అనే అనేవాణ్ని. మా నాయనమ్మ దిద్దేది.

మామడ దాటాక రోడ్డుకు రెండు వైపులా మోదుగులు చివరి పూలతో ఉన్నాయి. ఫాల్గుణం వెళ్లిపోతోంది. కిటికీ పక్క సీటు, ముఖాన వేడి గాలి. ఆ చెట్టునే తలుచుకుంటూ ఉండగా ఇంకో ఉరికొయ్య జ్ఞాపకం వచ్చింది. అదీ తోటలో దొరికిందే.

1942 ఆగస్టు 9 తెల్లవారుజామున బొంబాయిలో కాంగ్రెసు పెద్దలను పట్టుకెళ్లి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. డజను మంది. అందులో మన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. బందరు డాక్టరు, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టినాయన. అక్కడి కాలక్షేపాన్ని ఆయన 1946లో ఇంగ్లీషులో పుస్తకంగా వేశారు, 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' అని. ఈకలూ రాళ్లూ. పేరులో రాళ్లు పట్టాభిగారివి, చేతిలో రాళ్లు మాత్రం తోటి ఖైదీ నెహ్రూవి. పూలమళ్లు వేద్దామని నెహ్రూ గంటల తరబడి ఎండలో తవ్వేవాడు. నేల పనికిమాలినది. పాత కట్టడాల శిథిలాలూ రాళ్లూ. చాంద్ బీబీ అక్బరు సైన్యాన్ని ఎదిరించి నిలబడ్డ కోట మరి, తవ్విన కొద్దీ పాత గోడలు తేలేవి. ఒకసారి రాతిలో చెక్కిన తామరపువ్వు బయటపడింది. లోతుగా తవ్వడం జైలు అధికారులకు నచ్చలేదు. పూలమొక్కకు అంత గొయ్యి దేనికని వాళ్ల అనుమానం కాబోలు.

ఆ తామరపువ్వు దగ్గరే నెహ్రూకు అంతకు మూడేళ్ల ముందటి డెహ్రాడూన్ జైలు గుర్తొస్తుంది. అక్కడా ఆయనకు చిన్న పెరడు ఉండేది. తవ్వుతుంటే లోపల రెండు పాత కొయ్య దుంగల మొదళ్లు తగిలాయి. అది వెనకటి ఉరికంబమట. ఎన్నడో తీసేశారు, పునాది మాత్రం మట్టిలో మిగిలింది. తోటి ఖైదీలంతా కలిసి దాన్ని పెళ్లగించి పారేసి సంబరపడ్డారు. 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' మొదటి పేజీల్లోనే ఈ సంగతి ఉంటుంది. వేల ఏళ్ల చరిత్ర రాయబోతున్న మనిషి, ముందుగా పారతో కాసేపు తవ్వి చూపించి, తర్వాత పార పక్కన పెట్టి కలం అందుకుంటాడు. చరిత్ర పుస్తకానికి ఇంతకన్నా నిజాయితీ గల మొదలు నాకు కనిపించలేదు. గతాన్ని తవ్వుతామని అందరూ అంటారు. నిజంగా తవ్వితే తామరపువ్వూ తగులుతుంది, ఉరికొయ్యా తగులుతుంది. ఏది తగిలితే దాన్ని రాయాలి.

ఖానాపూర్ చేరేటప్పటికి మూడున్నర. పెద్ద ఊరూ కాదు, పల్లే కాదు. మునిసిపాలిటీ అయి కొన్నేళ్లే. బస్టాండు ముందు మక్క పొత్తులు కాలుస్తున్నారు, పక్కనే పసుపు కొమ్ముల సంచులు దించుతున్నారు. మిత్రుడు బైకు మీద వచ్చి, ఇంకా పొద్దుంది కదా అని సదర్మాట్ వైపు తీసుకెళ్లాడు. మేడంపల్లి దగ్గర గోదావరికి అడ్డంగా నిజాం జమానాలో, 1891-92లో కట్టిన రాతి ఆనకట్ట అది. పేర్చిన రాయి మీద రాయి, నూటముప్పై ఏళ్లుగా ఖానాపూర్, కడెం పొలాలకు నీళ్లు మళ్లిస్తోంది. 2018లో ఇంటర్నేషనల్ కమిషన్ ఆన్ ఇరిగేషన్ అండ్ డ్రైనేజ్ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఎండాకాలం గోదావరి బండల మధ్య పాయలు పాయలుగా ఉంది. అవతలి ఒడ్డు జగిత్యాల జిల్లా. కాలువ గట్టున యాసంగి వరి పచ్చగా ఉంటే, దానికి నాలుగడుగుల ఎగువన కాలువ నీరెక్కని చెలక బూడిద రంగులో ఉంది. ఎవరు దేన్ని పండించగలరో ఆ నాలుగడుగుల ఎత్తు తేలుస్తుంది.

మర్నాడు పొద్దున గురుకులం. ఏడూ ఎనిమిదీ తరగతుల ఆడపిల్లలు, డెబ్భై మంది దాకా, వేపచెట్టు కింద తడకల మీద కూర్చున్నారు. మైకు వద్దన్నాను. మండేలా ఎవరో సగం మందికి తెలుసు. జీకే పుస్తకంలో ఉన్నాడట. 1964లో యావజ్జీవ శిక్ష, ఖైదీ నంబరు 466/64, రాబెన్ దీవి, సున్నపురాయి గనిలో రాళ్లు కొట్టడం, మొత్తం ఇరవై ఏడేళ్లు, 1990 ఫిబ్రవరి 11న విడుదల. ఇంతవరకు పిల్లలు మర్యాదగా విన్నారు. మర్యాదగా వినడమంటే వినకపోవడమే, ముప్పై ఏళ్లు బడిలో పనిచేసినవాణ్ని, నాకు తెలుసు.

తోట దగ్గరికి రాగానే మెడలు లేచాయి.

వచ్చిన కొత్తలోనే ఆయన జైలువాళ్లను అడిగాడు, ఆవరణలో తోట వేసుకుంటానని. కారణం చెప్పకుండా కాదన్నారు. ఏళ్లపాటు అడుగుతూనే ఉన్నాడు. చివరికి గోడవారన సన్నటి ముక్క ఇచ్చారు. ఆ ఆవరణ చెత్త పూడ్చిన నేల మీద కట్టింది. మట్టికన్నా రాళ్లు ఎక్కువ. ఏరి పోస్తుంటే తోటివాళ్లు ఎగతాళి చేసేవారు, గనిలో రాళ్లు కొట్టింది చాలక తీరిక వేళ కూడా ఇదే పనా అని. విత్తనాలు జైలువాళ్లే ఇచ్చారు. టమాట, మిరప, ఉల్లి. మొండి మొక్కలు, ఎట్లాగైనా బతికేవి. మొదటి కాతలు నాసిగా వచ్చాయి. తర్వాత పుస్తకాలు తెప్పించుకుని ఎరువుల గురించీ నేల గురించీ చదివాడు. పల్లికాయ కూడా వేసి చూశాడు. మట్టి మార్చాడు, ఎరువు మార్చాడు, కాలేదు, వదిలేశాడు. తన కొద్దిపాటి ఓటముల్లో అదొకటని రాసుకున్నాడు.

ముందు వరసలో ఓ పిల్ల చెయ్యెత్తింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. "సార్, ఆ టమాటలు ఎవరు తిన్నరు?"

నవ్వారు అందరూ. నేనూ నవ్వాను. తర్వాత కాగితం చూసుకోవలసి వచ్చింది. ఆ తోట గురించి వ్యాసాలు చదివాను, ఒకటి రాశాను కూడా. స్వేచ్ఛకు ప్రతీక, సహనానికి ప్రతీక, నాయకత్వానికి ప్రతీక. టమాటలు ఎవరు తిన్నారో ఒక్క చోటా రాయలేదు. పుస్తకంలో మాత్రం ఉంది. తోట బాగా కాశాక మంచి టమాటలూ మంచి ఉల్లిగడ్డలూ ఏరి ఆయన కాపలావాళ్లకే ఇచ్చేవాడు. అనుమతి ఇచ్చినందుకు వాళ్లు ఎన్నడూ బాధపడలేదని నవ్వుతూ రాస్తాడు.

"పోలీసోళ్లకా?" అంది ఇంకో పిల్ల, కోపంగా.

పోలీసోళ్లకే. 1982 మార్చి ఆఖర్న ఆయన్ను పాల్స్‌మూర్ జైలుకు మార్చారు. అక్కడ నేల కూడా లేదు, మేడ మీద సిమెంటు. పదహారు నూనె డ్రమ్ములను సగానికి కోయించి మట్టి నింపించాడు. "ముప్పై రెండు" అన్నారు వెంటనే నాలుగైదు గొంతులు. ముప్పై రెండే. వంకాయ, క్యాబేజీ, బీన్సు, పాలకూర, క్యారెట్, దోసకాయ, ఉల్లి, టమాట, చివరికి స్ట్రాబెర్రీలు కూడా. ఒక దశలో తొమ్మిది వందల మొక్కలకు దగ్గరగా. వంకాయ అనగానే ఎందుకో పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత తెలిసింది, వారానికి మూడు రోజులు అదే కూరట. గడ్డి టోపీ పెట్టుకుని, చేతి తొడుగులు వేసుకుని పొద్దున రెండు గంటలు అక్కడే ఉండేవాడు. ఐతారం నాడు వంటశాలకు కూరగాయలు పంపేవాడు, మామూలు ఖైదీలకు ఆ పూట మంచి కూర. కాపలావాళ్లు ఇంటి నుంచి సంచులు తెచ్చుకుని తాజా కూరలు పట్టుకుపోయేవారు.

ఆ పిల్ల కోపం పోలేదు. నాకు అదే నచ్చింది. దీన్ని క్షమాగుణం అని దాటవేయడం తేలిక. నా మటుకు, ఆయన మొదటి నుంచీ లెక్క తెలిసిన రాజకీయవాది. మన తాళం చెవి ఎవరి నడుముకు వేలాడుతోందో వాడి ఇంట్లో సాయంత్రం ఏం వండుకుంటారో మన చేతిలో ఉంటే, మర్నాడు వాడు తాళం తీసే తీరు మారుతుంది. లంచమనడానికి వీల్లేదు, లంచం చేసే పని కొంత చేస్తుంది. పెట్టేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుందని మన ఊళ్లలో పటేళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఖైదీ ఆ పైచెయ్యిని రెండు బుట్టల కూరగాయలతో సంపాదించాడు. ఇదంతా ఏడో తరగతి పిల్లలకు చెప్పలేదు. "ఆకలి ఎవలదైనా ఆకలే కద బిడ్డా" అన్నాను. ఆ జవాబు నాకే తృప్తిగా లేదు.

తర్వాత పాతిపెట్టిన పుస్తకం సంగతి చెప్పాను. మండేలాకు అరవయ్యో ఏడు వస్తోంది, అప్పటికి ఆత్మకథ బయటికి రావాలని కత్రాడా, సిసులూ అనే ఇద్దరు మిత్రులు పట్టుబట్టారు. రాత్రంతా రాసి పగలు పడుకునేవాడు. నాలుగు నెలల్లో అయిదు వందల పేజీలు. మాక్ మహరాజ్, లాలూ చీబా అని మరో ఇద్దరు, ఇద్దరూ మన దేశం నుంచి వెళ్లిన కుటుంబాల వాళ్లే, దాన్ని చీమలంత అక్షరాల్లోకి ఎక్కించేవారు. 1976 డిసెంబరులో మాక్ మహరాజ్ విడుదలవుతూ ఆ చిన్న కాపీని దాచి బయటికి పట్టుకుపోయాడు. మరి అసలు ప్రతి? మూడు మూటలు కట్టి, ప్లాస్టిక్ చుట్టి, ఖాళీ కోకో డబ్బాల్లో పెట్టి తోటలో పాతిపెట్టారు.

"తోటల్నా!" అని డెబ్భై మందీ ఒకేసారి.

తోటలోనే. కొన్ని వారాలకు పొద్దున్నే గునపాల చప్పుడు వినిపించింది. జైలువాళ్లు ఆవరణలో కొత్తగా గోడ కడుతున్నారు. వెళ్లి చిన్న డబ్బాలు రెండూ తీయగలిగారు. పెద్దది పునాదివాళ్లకు దొరికింది. రాత మండేలాది, అంచుల్లో వ్యాఖ్యలు కత్రాడావీ సిసులూవీ, దస్తూరీలు దొరికిపోయాయి. శిక్ష ఏమిటంటే ముగ్గురికీ చదువుకునే హక్కు తీసేశారు. నాలుగేళ్లు.

కొట్టలేదా అని ఒక పిల్ల అడిగింది. కొట్టడం కాదు, చదువు బంద్. గురుకులం పిల్లలకు దీని బరువు వివరించనక్కర్లేదు. తండాల నుంచి, గూడేల నుంచి వచ్చినవాళ్లు. చదువు బంద్ అంటే ఏమిటో వాళ్ల ఇళ్లలో అక్కలో చిన్నమ్మలో ఒకరైనా ఉంటారు చూపించడానికి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మిత్రుడితో మిగిలిన ముక్క చెప్పాను, పిల్లలకు చెప్పనిది. టమాట మొక్క ముక్క. భార్య విన్నీకి మండేలా రెండు ఉత్తరాలు రాశాడు, ఒక టమాట మొక్క గురించి. లేత మొలకగా ఉన్నప్పటి నుంచి సాకితే అది ఏపుగా పెరిగి ఎర్రటి కాయలు కాసింది. తర్వాత తనే ఏదో పొరపాటు చేశాడో, చూసుకోలేదో, వాడిపోయింది. ఎంత చేసినా తిప్పుకోలేదు. చచ్చిపోయాక పీకి, వేళ్లు కడిగి, తోట మూలలో పాతిపెట్టాడు. జైలు ఉత్తరం ఎవరెవరో చదివాక గాని ఇంటికి చేరదు, చాలా మాటలు నల్ల సిరా కింద పోతాయి. టమాట మొక్క చచ్చిపోయిందని రాస్తే ఎవరు కొట్టేస్తారు?

"ఆమెకు అర్థమైందా అన్నా?"

ఆ ఉత్తరంలో ఆమె ఏం చదువుకుందో తనకు తెలియదని ఆయనే రాశాడు. 1992లో విడిపోయారు, 1996లో విడాకులు. ఆత్మకథ ఆ రెంటి మధ్యన వచ్చింది. అందుకే తోట పేజీల్లో నాయకుడు తోటమాలి లాంటివాడని ఆయన చేసే పోలిక నాకు అంత ఆనదు. ఆ పోలిక చెప్పడానికి జైలు అక్కర్లేదు, ఏ సభలోనైనా చెప్పవచ్చు, చెబుతూనే ఉంటారు. చచ్చిన మొక్క వేళ్లు కడగడం మాత్రం ఆయన ఒక్కడే చేయగలిగింది. పాతిపెట్టబోయే వేళ్లను కడగడమెందుకు? మన ఇళ్లలో శవానికి స్నానం ఎందుకు చేయిస్తామో అందుకే కావచ్చు. మిత్రుడు అన్నం ముద్ద అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర వంటమ్మ "ఏమాయె సార్, కూరల ఉప్పెక్కువైందా?" అంది.

సాయంత్రం బస్సుకు ఇంకా సమయం ఉందని కడెం వైపు వెళ్లాం. దారిలో ఒక్క చోటే ఆగాం. 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ అడవిలోంచి రాంపూర్, మైసంపేట ఊళ్లను ఈమధ్యే మద్దిపడగ దగ్గరికి తరలించారు. వరసగా ఒకే రకం కొత్త ఇళ్లు, ఒకే రంగు. ఇంటి ముందు గజాల లెక్కన జాగా. అప్పుడే ఒక గుమ్మం పక్క నుంచి బీరతీగ తీగె మీదుగా కప్పు దాకా పాకింది. ఇంకొకరు ప్లాస్టిక్ బకెట్టు పగిలితే దాంట్లో మిరప పెట్టారు. నూనె డ్రమ్ముల సంగతి నాకు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? నీడన కూర్చున్న పెద్దాయన మమ్మల్ని మంచం మీద కూర్చోమని, నీళ్లిచ్చాడు. కొత్త ఊరు ఎట్లుంది తాతా అని అడిగాం.

"ఇల్లు మంచిగనే ఉన్నది. కరెంటున్నది, రోడ్డున్నది, పిలగాండ్లకు బడి దగ్గర." కాసేపాగి, "ఇప్పచెట్టును ఎట్ల తెస్తం?" అన్నాడు.

ఇప్పపూలు రాలే రోజులవి. తెల్లారకముందే చెట్టు కింద ఊడ్చి, గంపలతో ఏరుకునే రోజులు. ఆదివాసీ ఊళ్లలో అడవిలోని ఇప్పచెట్టు కూడా ఫలానా ఇంటిదని తరాలుగా లెక్క ఉంటుంది. కాగితం ఉండదు. తోట అంటే మనకు కంచె వేసి నాటింది. వాళ్లకు నాటకుండానే తమదైన తోట అడవిలో ఉండేది. ఆ పెద్దాయన దాన్ని దేనికీ ప్రతీక అనలేదు. ఎన్ని గంపలు వచ్చేవో చెప్పాడు, అంతే. మేం లేస్తుంటే బీరతీగ చూపించి, ఇది నెల రోజుల్లో కాస్తది, అప్పుడు రండి అన్నాడు.

సంచి తీసుకోవడానికి మళ్లీ గురుకులానికి వచ్చేటప్పటికి పిల్లలు ఆటల గంటలో ఉన్నారు. ఎర్ర రిబ్బన్ల పిల్ల ఆడుకోవడం లేదు, గేటు దగ్గర నా కోసమే నిలబడి ఉంది. "సార్, మా తోట చూస్తరా?" వంటగది వెనక నాలుగు మళ్లు. పుంటికూర, పాలకూర, టమాట, పందిరి మీద సోరకాయ. ఐతారం ఐతారం వంతుల మీద పని చేస్తారట. పొద్దున చెప్పడం మరిచిపోయిన ముక్క అప్పుడు చెప్పాను. మండేలా కూడా నీలాగే హాస్టల్లో ఉండి చదివాడమ్మా, క్లార్క్‌బరీ అనే ఊళ్లో, అక్కడి పెద్ద పాదిరీ హ్యారిస్ గారి తోటలో సాయంత్రాలు పనిచేయాల్సి వచ్చేది, కూరగాయల మీద ఇష్టం అక్కడే పట్టుకుంది. బడిలో అందరూ హడలిపోయే ఆ దొర, తోటలో మాత్రం మెత్తటి మనిషట. "మా సార్ గూడ గంతే" అని మిత్రుడి వైపు చూసి నోరు మూసుకుంది.

తర్వాత అసలు మాట చెప్పింది. అందుకే ఆగిందన్నమాట.

"సార్, ఆ తాతకు పల్లికాయ ఎందుకు కాలేదో నాకు ఎరుకే."

చెప్పమన్నాను.

"పల్లికాయ పువ్వు పైన పూస్తది గని కాయ పైన గాయది సార్. పువ్వు ఎండినంక దాన్నుంచి ఊడ ఎల్లి భూమిలకు దిగుతది. దిగినంకనే కాయైతది. భూమి గుల్లగ ఉండాలె. రాళ్లుంటే ఊడ దిగది, పైననే మాడిపోతది. మా తాత చెలకల ఏసేటప్పుడు మస్తు దున్నుతడు."

ఎరువులన్నీ మార్చి చూశాడట కదమ్మా అన్నాను.

"ఎరువు ఏం జేస్తది సార్? ఊడ దిగాలె గద."

అయిదడుగులు కూడా లేని పిల్ల. పైకి పూసి, మట్టిలోకి వంగి, లోపల కాయ కాసే మొక్క అది. ఆ ఆవరణలో మండేలా పాతిపెట్టినవి మిగతావన్నీ దిగాయి. కోకో డబ్బాలు దిగాయి, టమాట వేళ్లు దిగాయి. పల్లి ఊడలు దిగలేదు. రాళ్ల నేల.

వంటమ్మ వద్దంటున్నా వినకుండా ఒక సోరకాయ కోసి సంచిలో కుక్కింది. సగం బయటే ఉంది. నిర్మల్ బస్సు నిండా జనం, నిలబడ్డాను. కండక్టరు సోరకాయను చూసి "గురుకులందా సార్? మంచిగుంటది" అన్నాడు, టికెట్ చింపుతూ. ఒకరు దిగితే సీటు దొరికింది. జిరాక్సు కాగితాలు తీసి, పల్లికాయ వదిలేశాను అని ఆయన రాసిన చోట, అంచున పెన్సిలుతో ఆ పిల్ల చెప్పింది రాద్దామనుకున్నాను. ఒళ్లో సోరకాయ, దాని మీద కాగితం. రోడ్డు మీద గుంటలు. 'ఊడ' అని రాసేసరికి బస్సు ఎగిరింది, పెన్సిలు కాగితం దాటిపోయింది. మామడ వచ్చేదాకా ఆగి, బస్సు నిలబడ్డ రెండు నిమిషాల్లో మిగతాది పూర్తి చేశాను.